గుల్లలకు నచ్చిన ఇల్లు

ఈ రేవులో గుల్లలకు నా మాట వేదవాక్కు. రమ్మంటే వస్తాయి, పొమ్మంటే పోతాయి. పడవల అడుగున పట్టిన గుల్లలు గీకి బతికినవాణ్ణి కదా, మా కోడలి దగ్గరా ఇవే కోతలు కోశాను.

కోడలు రేవు పక్క ప్రయోగశాలలో పనిచేస్తుంది. గుల్ల పట్టనివ్వని కొత్త రంగును పరీక్షించాలి. రంగు వేసిన పలకలు కొన్ని, ఉత్తవి కొన్ని నీళ్ళలో వేలాడదీసింది. ఉత్తవాటికి పట్టి, రంగువాటికి పట్టకపోతే రంగు గెలిచినట్టు. తీరా చూస్తే దేనికీ పట్టలేదు!

"వచ్చే వారం పెద్దసారు వస్తారు మామయ్యా. ఇలాగే ఉంటే పని ఆపేయమంటారు," అంది దిగులుగా.

"నేనున్నానుగా!"

జెట్టీ మీద గొంతుక్కూర్చుని గుల్లల్ని బతిమాలాను, బెదిరించాను. ఒక్కటి వస్తే ఒట్టు. నా వేదవాక్కు నీళ్ళపాలైంది.

గుల్ల పిల్లల్ని కోడలు నీటిచుక్కలో పెట్టి భూతద్దంలో చూపించింది. అద్దె ఇల్లు వెతికేవాళ్ళలా తడుముకుంటూ తిరుగుతాయట. చోటు నచ్చితే తలకిందులుగా జిగురుతో అంటుకుని, చచ్చేదాకా కదలకుండా, కాళ్ళతో తిండి లాక్కుంటాయట. చుట్టపుచూపుగా వచ్చిన మా బావమరిది వాటం!

కోడలు పలకల్ని లెక్క చూసుకోడానికి రోజూ సాయంత్రం ఇంటికి తెచ్చి, ఉప్పునీళ్ళ బకెట్లో ఉంచి, పొద్దున్నే మళ్ళీ కట్టేది. ఆ రోజు మా ఆవిడ విసుక్కుంది.

"ఇదిగో అమ్మాయ్, రేపట్నించీ ఆ పలకలు నువ్వే తోముకో. నా చేతులు పడిపోతున్నాయి."

"మీరు తోముతున్నారా అత్తయ్యా!"

"మరి? ఎంగిలి పళ్ళేల్లా బంక పట్టి వస్తుంటే! రంగువి మాత్రం ముట్టుకోలేదులే, రంగు పోతుందని. నాకామాత్రం తెలీదూ?"

"అయ్యో, ఆ బంకే కావాలత్తయ్యా! గుల్ల పిల్లలు దాన్ని చూసుకునే దిగుతాయి."

మా ఆవిడ నావైపు తిరిగింది. "మురికి కొంపలోనే కాపురం పెడతాయన్నమాట. మీ వంశమే!"

బకెట్‌ని వంటింట్లోంచి వసారాలోకి మార్చాం. పీచు దాచేశాం. పెద్దసారు వచ్చేసరికి ఉత్త పలకల నిండా తెల్లటి చుక్కలు. రంగు పలకలు బంకతో ఉన్నా, చుక్క లేదు. ఆయన ఆనందంతో గంతేస్తే జెట్టీ ఊగిపోయింది.

ఆ గంతు ఒక్కటే నా కల్పన. ఆయన కళ్ళజోడు సర్దుకుని "కానివ్వండి" అన్నాడు, అంతే. గంతేసింది మా కోడలు. జెట్టీ ఊగలేదు. ఊగింది నేను.