పేషెంటు తాలూకు

"అమ్మా, ఇంకోసారి చెప్పుండ్రి. డైలాగ్ నడుమ మీ ఆయాసం పడుతున్నది," అన్నాడు అద్దం అవతలి నుంచి సౌండ్ ఇంజనీర్ జగదీశ్.

ఫిల్మ్ నగర్‌లో ఇరవై ఏళ్లుగా సినిమా తల్లులకు గొంతిస్తున్న ఉదయశ్రీకి సిగ్గేసింది. నిలబడి చెప్పే నాలుగు ముక్కలకు ఆయాసమేమిటి? ఆరోసారి కూడా కుదరకపోయేసరికి జగదీశ్ బయటికొచ్చాడు. "నెల సంది మీ ఊపిరి నేనే కోసి పడేస్తున్న అమ్మా. ఇది బాగలేదు. జర దవాఖానకు పోండ్రి."

నెల నుంచీ దవడ లాగుతోంది, వీపు బరువెక్కుతోంది, మెట్లెక్కితే ప్రాణం కడబట్టిపోతోంది. ఇంట్లో చెప్పకపోలేదు. "పళ్ల డాక్టరుకి చూపించుకో," అన్నాడు భర్త వేంకటరమణ, ఫోన్లోంచి తలెత్తకుండా. "ఈ వయసులో ఆడదానికి ఇవన్నీ మామూలే, నేను పడలేదూ?" అంది అత్తగారు జగదాంబ. రెండేళ్ల కిందట వేంకటరమణ గుండెకు స్టెంటు వేశారు. అప్పట్నుంచి ఆయన ఉప్పు, ఆయన నూనె, ఆయన మాత్రలు, ఆయన నడక అన్నీ ఉదయశ్రీ తలమీదే. ఆయన తేన్చినా ఇల్లంతా హడలిపోతుంది. ఈవిడ దవడ పట్టుకుంటే మాత్రం పన్నే. గుండెజబ్బంటే ఛాతీ పట్టుకుని కూలిపోవడమేనని తనూ నమ్మింది. తెరమీద అలా కూలిన భర్తల కోసం ఎన్నిసార్లు గొంతు చించుకుని ఏడ్చిందో! ఒళ్లు మండింది, ముందు తనమీదే.

జూబ్లీ హిల్స్‌లోని ఆసుపత్రిలో పరీక్షలన్నీ చూసి డాక్టర్ వందన కాగితం మీద బొమ్మ గీసింది. "గుండెకు రక్తమిచ్చే నాళంలో కొవ్వు పేరుకుని దారి ఇరుకైనట్టుందమ్మా. శ్రమ పడినప్పుడు రక్తం చాలదు. ఆడవాళ్లకది ఛాతీలోనే తెలియాలని లేదు, దవడ నొప్పిగానో వీపు నొప్పిగానో నీరసంగానో రావచ్చు. ఇవాళే చేరండి, ఆలస్యం వద్దు."

ఉదయశ్రీ ఇంటికి ఫోన్ చేసింది.

"ఇవాళా? అన్నయ్యావాళ్లు భోజనానికొస్తున్నారుగా," అన్నాడు వేంకటరమణ. "రేపు చేరితే కొంప మునుగుతుందా? నీకేం, గుండ్రాయిలా ఉంటావు."

"వంట మీరు చూసుకోండి. నాకు ఓపిక లేదు," అంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాట అనడం అదే మొదలు. అన్నాక భయం వేయలేదు, నిద్ర ముంచుకొచ్చింది.

నర్సు ఫారాలు పట్టుకుని వచ్చి, ఖాళీగా ఉన్న పక్క కుర్చీ వైపు చూసింది. "పేషెంటు తాలూకు ఎవరమ్మా?"

ఉదయశ్రీ చెయ్యి చాపింది.

"పేషెంటునీ నేనే, తాలూకూ నేనే. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించు తల్లీ."