అల్లుడి అంచనా

ఓడల కర్మాగారంలో ఆయన్ని అందరూ కత్తెర అనేవాళ్ళు, వెనకాల. ఎదురుగా అయితే సార్ అనే అనేవాళ్ళు, అదీ రెండడుగులు దూరంగా నిలబడి. అంచనాల విభాగానికి ఆయన పెద్ద. ఓడకి ఒక్క రేకు కూడా కోయకముందే, అది మొత్తం ఎంతకి తేలుతుందో చెప్పడం ఆయన పని.

ఆ కర్మాగారంలో ఒక అలవాటు ఉండేది. ప్రతి విభాగమూ తన ఖర్చు లెక్కకి పావు వంతు కలిపి తెచ్చేది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఉప్పు. వంద అయ్యేదానికి నూట పాతిక రాస్తే, కత్తెర అందులో ఐదో వంతు కోసేవాడు, లెక్క మళ్ళీ వందకే వచ్చేది. తెచ్చేవాడికీ తెలుసు, కోసేవాడికీ తెలుసు. అయినా కోత పడగానే ఇంజన్ల విభాగం పెద్దాయన గుండె పట్టుకునేవాడు, "చంపేశారు సార్" అనేవాడు, తర్వాత టీ తాగడానికి వెళ్ళిపోయేవాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ భాగోతం నడుస్తోంది.

ఆ ఏడాది నౌకాదళం నుంచి ఆయుధ పరీక్షల ఓడకి అంచనా అడిగారు. అది యుద్ధానికి వెళ్ళే ఓడ కాదు. కొత్త ఫిరంగి అయినా, కొత్త రాకెట్ అయినా మొదటిసారి పేల్చి చూసేది దాని మీదే. సరిగ్గా పేలితే మంచిదే, లేకపోతే డెక్కు మీదే బద్దలవుతుంది. ఆ సంగతి తేల్చుకోవడానికే ఓడ. పేలుడుకి ముప్ఫై అడుగుల్లో ఒక రికార్డింగ్ గది, అందులో మీటర్లు చూస్తూ ఎనిమిది మంది. ఆ గది లెక్క అల్లుడిది.

అల్లుడు అంటే కత్తెర ఒక్కగానొక్క కూతురి మొగుడు. రెండేళ్ళ క్రితమే ఆ గది డిజైను చేసే విభాగానికి వచ్చాడు. ముక్కుసూటి మనిషి, పైగా నవ్వడు. సమావేశానికి ముందురోజు సాయంత్రం మామగారింటికి వచ్చి, కుర్చీ చివర కూర్చున్నాడు.

"మామయ్యగారూ, నా లెక్క నూట అరవై లక్షలు. అందులో ఉప్పు లేదు."

"లేకపోవడం ఏమిటి?"

"గోడ రెండు పొరలు, మధ్యలో జానెడు ఖాళీ. దానికి ఎంత ఇనుమో, ఎన్ని పనిగంటలో అంతే రాశాను. ఒక్క పొరతో ఆ పేలుడు ఆగదు. మనుషులు కూర్చునే గది కదా, దాంట్లో ఆటలెందుకని."

"పిచ్చివాడివా? పావు వంతు కలిపేసి తెస్తే హాయిగా పోయేది కదా!"

"కలిపితే అబద్ధం. అందుకే ముందుగా మీతో చెబుతున్నాను."

కత్తెర అల్లుడు తెచ్చిన డ్రాయింగు ఒకసారి చూశాడు. కుర్రవాడి లెక్క తప్పు పట్టడానికి లేదని ఆయనకి అక్కడే తెలిసింది.

మర్నాడు సమావేశం గది నిండిపోయింది. డైరెక్టరు పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. కత్తెర పదవీ విరమణకి ఇంకా మూడు నెలలే ఉన్నాయి. రెండేళ్ళ పొడిగింపు ఫైలు డైరెక్టరు సంతకం కోసం ఎదురుచూస్తోంది. వరసగా కోతలు పడ్డాయి. ఓడ ఒంటికి ఐదో వంతు, ఇంజన్లకి ఐదో వంతు, ఫిరంగి దిమ్మెకి ఐదో వంతు. అల్లుడి కాగితం దగ్గరికి వచ్చేసరికి అందరూ కుర్చీల్లో ముందుకి వంగారు. ఇంజన్ల పెద్దాయన పక్కవాడితో, అందరికీ వినపడేలాగే, "వడ్డించేవాడు మనవాడైతే బంతి చివర కూర్చున్నా ఏం భయం?" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

కత్తెర చెవులు కాలాయి. ముప్ఫై ఏళ్ళుగా ఎవరిచేతా వంక పెట్టించుకోని మనిషి. ఎర్ర పెన్ను తీశాడు.

"నాలుగో వంతు కోత," అన్నాడు. "నూట ఇరవై."

అందరి కంటే ఎక్కువ కోత! గదిలో అందరూ బల్లలు చరిచారు. డైరెక్టరు తల ఊపి, "మనిషంటే ఇలా ఉండాలి. సొంత అల్లుడినీ వదల్లేదు!" అన్నాడు. సిగ్గు లేకుండా చెప్పుకోవాలంటే, ఆ మాటకి కత్తెర ఒళ్ళు పులకరించింది.

అల్లుడు లేచాడు. "గోడ ఒక్క పొరకి వచ్చేస్తుంది, సార్."

"డిజైను మార్చుకోండి. అందరూ మార్చుకుంటున్నారు," అన్నాడు కత్తెర, మామగారి గొంతు ఎక్కడా తగలకుండా.

తగ్గించిన లెక్క మీద విభాగం వాళ్ళు సంతకం పెట్టాలన్నది రూలు. సమావేశం ముగిసి అందరూ వెళ్ళాక అల్లుడు పెట్టాడు. పెట్టి, దాని కింద ఇంకో వాక్యం రాశాడు: ఈ గోడతో కట్టిన గదిలో మొదటి ఆరు పరీక్షలకూ నేనే కూర్చుంటాను. డైరెక్టరు తన గదిలో అది చదివి, "శభాష్, నమ్మకమంటే ఇదీ!" అని ఆమోదముద్ర వేయించాడు.

ఆ వాక్యం సంగతి కత్తెరకి కూతురే చెప్పింది, రెండు రోజుల తర్వాత, వాకిట్లో చెప్పులు కూడా విప్పకుండా.

"'నేను గీసిన గదిలో ఇంకొకళ్ళని ఎలా కూర్చోబెడతాను' అంటున్నారు ఆయన, నాన్నా. నేనేం చెప్పినా వినడం లేదు. ఒక్క పొర గోడ ఆగదటగా? నిజమేనా?"

"ఎవరన్నారు?" అన్నాడు కత్తెర.

"ఆయనే. నువ్వు చెబితే మీ పైవాళ్ళు వింటారు. ఒక్కసారి అడుగు నాన్నా. నీకు దణ్ణం పెడతాను."

మర్నాడు పొద్దున్నే ఆయన డైరెక్టరు గదికి వెళ్ళాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ రికార్డింగ్ గది లెక్క మళ్ళీ నూట అరవై చెయ్యాలండీ."

డైరెక్టరు పకపకా నవ్వాడు. "ఇప్పుడు అల్లుడు గుర్తొచ్చాడా?"

"అల్లుడి కోసం కాదు. ఆ లెక్కలో ఉప్పు లేదు. నాకు ముందే తెలుసు."

నవ్వు ఆగిపోయింది. డైరెక్టరు సొరుగులోంచి ఒక తెల్ల కాగితం తీసి ముందుకి తోశాడు.

"ఫైలు పైకి వెళ్ళడానికి సాయంత్రం దాకా టైముంది. ఇప్పుడన్నది అలాగే రాసివ్వండి. లెక్క నిజమని తెలిసీ, నలుగురూ నవ్వుతారని కోశానని. ఆ నలభై నేను ఎలాగో సర్దుతాను. కాకపోతే ఒకటి. తెలిసి కోశానని ఒప్పుకున్నవాడికి నేను పొడిగింపు ఇవ్వలేను. మీ పాత అంచనాలన్నీ కూడా తిరగదోడతారు. మీ ఇష్టం."

కిటికీ బయట క్రేను ఒక పెద్ద రేకుని ఎత్తి, మెల్లగా పక్కకి తిప్పుతోంది. కత్తెర అప్పుడు కూర్చుని పెన్ను మూత తీశాడు. పైన తారీకు వేశాడు. గౌరవనీయులైన, అని రాశాడు. ఆ తర్వాత ఏం రాయాలో ఆయనకి అక్షరం అక్షరం తెలుసు. మూడు వాక్యాలు చాలు. ఆయనకి కనపడింది మాత్రం ఇంజన్ల పెద్దాయన మొహం, ఈ కాగితం చదువుతున్నప్పటి మొహం. అల్లుడి మొహం గుర్తు తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. ఆయన దుర్మార్గుడేం కాడు. ఆ కాగితం ముందు పావుగంట కూర్చున్నాడు కూడా. కానీ పిరికివాడికి పావుగంట ఇచ్చినా, పూట ఇచ్చినా ఒకటే.

"ఒక్క పొరయినా ఆగచ్చులెండి," అన్నాడు చివరికి. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

డైరెక్టరు భుజాలెగరేసి, పొడిగింపు ఫైలు ముందుకి లాక్కున్నాడు.

ఇంటికి వచ్చేసరికి కూతురు గేటు దగ్గరే నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ అక్కడే ఉందేమో, కాళ్ళు మార్చి మార్చి నిలబడుతోంది.

"అడిగావా?"

"అడిగానమ్మా," అన్నాడు. "ఎంతో బతిమాలాను. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. వినలేదు."

ఆమె కళ్ళు నిండాయి. ముందుకు వచ్చి తండ్రి చేతిలోని సంచీ అందుకుంది.

"నువ్వు ఎవరినీ ఏదీ అడిగే మనిషివి కాదు. మా కోసం అడిగావు," అంది. "ఆయనకి చెబుతాను నాన్నా. మీ నాన్న కోశాడు, మీ నాన్న కోశాడు అని రెండు రోజులుగా ఒకటే గొడవ. ఇప్పుడైనా నీ మనసు తెలుస్తుంది. రా, చెయ్యి కడుక్కో, అన్నం పెడతాను."