కుర్చీలు ఎటు తిరిగితే అటు

మునిసిపాలిటీ సమావేశం మొదలయ్యే ముందు కుర్చీలు కిర్రుమని తిరగడం ఆ ఊళ్లో మామూలే. అధ్యక్షుణ్ణి చేతులెత్తి ఎన్నుకునే పనేమీ లేదు. సభ్యుల్ని కూర్చోబెట్టుకుని కుర్చీలు ఎవరివైపు తిరిగితే వాళ్లే అధ్యక్షులు. చాలా ఏళ్ల కిందట ఒక మధ్యాహ్నం అవి అప్పటి అధ్యక్షుడైన మామగారిని వదిలేసి ఆయన అల్లుడివైపు తిరిగాయి. మామగారు కళ్లజోడు తుడుచుకుని, ఎవరో ఇచ్చిన టీ తాగేసి, ఇంటికెళ్లిపోయారు.

అప్పట్నుంచి అల్లుడిదే పెత్తనం. ఎలా నిలబెట్టుకున్నాడంటారా? పొగిడినవాడి బావమరిదికి ఉద్యోగం, ఎదురు మాట్లాడినవాడి వీధికి గుంతల రోడ్డు. అంతే!

ఇప్పుడొచ్చిన చిక్కల్లా సొంత చెల్లెలితోనే. ఇంట్లోమనిషైతే నోరెత్తదని ఆమెని సభ్యురాలిగా తెచ్చి మూల కుర్చీలో కూర్చోబెట్టింది తనే. నిజంగానే ఆవిడ నోరెత్తదు. ఎవరేం చెప్పినా చివరిదాకా వింటుంది. మహా అయితే, "ఆ తర్వాతేమైంది బాబాయ్?" అంటుంది. అదేం మాయో గానీ, పోయిన సమావేశంలో వెనక వరస కుర్చీలు ఆమెవైపు ఓ బెత్తెడు జరిగాయి.

అన్నయ్యకి కడుపు మండిపోయింది. చిన్నప్పుడు అమ్మా ఇంతే. గొంతు చించుకుని పద్యం అప్పజెబుతున్నది తనైతే, పక్కన ఊరికే కూర్చున్న దీని మొహం చూసి మురిసిపోయేది!

"కుర్చీలన్నీ నేలకి బోల్టులేసి బిగించెయ్," అన్నాడు వడ్రంగితో.

"మీది కూడానా అండీ?"

"నా కుర్చీకేం రోగం? చెప్పింది చెయ్!"

తర్వాతి సమావేశంలో కుర్చీలు గింజుకున్నాయి, మూలిగాయి, కదల్లేకపోయాయి. అన్ని మొహాలూ తనవైపే. హమ్మయ్య అనుకుని, మీసం దువ్వుకుని ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

కిర్రుమంది.

తన కుర్చీయే! బల్ల అంచు పట్టుకున్నా ఆగలేదు. మెల్లగా తిరిగి, మూలనున్న చెల్లెలికి ఎదురుగా నిలబడింది.

"చెప్పన్నయ్యా," అందావిడ, ఎప్పట్లాగే.

తిట్టబోయాడు. "అమ్మ నావైపెందుకు చూసేది కాదే?" అని నోరుజారాడు, అందరి ముందూ. ఇక ఆగలేదు. పద్యం సంగతీ, కడుపుమంటా, బోల్టుల సంగతీ అన్నీ కక్కేశాడు.

ఆవిడ చివరిదాకా వింది. తర్వాత వడ్రంగిని పిలిపించి బోల్టులు విప్పెయ్యమంది. కుర్చీలన్నీ ఆవిడవైపు తిరిగాయి.

"ముందు అన్నయ్యకి టీ తెప్పించండి," అంది కొత్త అధ్యక్షురాలు.