రాయ్నా కొన్న భూకంపాల వెబ్‌సైటు

మాసిడోనియా రాజధాని స్కోప్యేలో భూకంప సమాచార కార్యాలయానికి ఒక వెబ్‌సైటు ఉండేది. నేల కాస్త ఒళ్లు విరుచుకుంటే చాలు, ఊళ్లో ఇళ్లన్నీ నిలబడేవి గానీ అది మాత్రం కూలబడేది. జనమంతా ఒక్కసారిగా దాని మీద పడేవారు మరి. "ఏమమ్మా, మొన్న కూలింది మీ ఆఫీసా, వెబ్‌సైటా?" అని బజార్లో మిరపకాయలమ్మే ఆవిడ కూడా రాయ్నా స్టోయ్కోవ్స్కాను ఆటపట్టించేది.

రాయ్నా ఆ కార్యాలయంలో కొనుగోళ్లు చూసే ఉద్యోగి. జనరేటర్లు కొంది, కొండలెక్కే సిబ్బందికి చలి బూట్లు కొంది. బూటయితే అట్ట వంచి చూడొచ్చు, జనరేటరయితే తిప్పి వినొచ్చు. చేతికి దొరకని సరుకును ఏం చూసి కొనాలి? కొత్త వెబ్‌సైటుకు టెండరు పిలవమన్నప్పుడు ఆమె చాలా రోజులు మథనపడి, చివరికి ఒక షరతు పెట్టింది. ధర ఒక్కటే చూడం. దేశంలో సగంమంది ఒకేసారి వచ్చి తలుపు తట్టినా నిలబడుతుందని మా కళ్ల ముందు చూపించాలి.

డైరెక్టరు స్పాసే తల పట్టుకున్నాడు. భూగర్భశాస్త్రం చదివిన మనిషి, రాళ్లంటే ప్రాణం, ఫైళ్లంటే భయం.

"తక్కువ చెప్పినవాడికి ఇచ్చేస్తే పోయేదానికి ఈ తద్దినం ఎందుకు తల్లీ? ఓడిపోయినవాళ్లంతా రేపు మన మీద ఫిర్యాదులకి ఎక్కుతారు."

"ఎక్కనివ్వండి సార్. కిందటిసారి తక్కువకే కొన్నాం. ఏం మిగిలింది, ఊరి నవ్వులు తప్ప?"

మూడు కంపెనీలు వచ్చాయి. మొదటివాళ్లు కళ్లు చెదిరే బొమ్మలు చూపించారు. రెండోవాళ్లు నమ్మలేనంత చవకగా ధర వేశారు. మూడో కంపెనీ తరఫున తెతోవో నుంచి అర్బనోరా సెల్మానీ అనే అమ్మాయి వచ్చింది. ఏమీ చూపించకుండా ముందు ప్రశ్న వేసింది.

"నేల ఊగగానే మనిషికి మొట్టమొదట ఏం కావాలండీ?"

"తీవ్రత ఎంతో తెలియాలి," అన్నాడు స్పాసే.

"అది తర్వాత సార్. మా అమ్మయితే ముందు గోడ కొట్టి పక్కింటావిడని అడుగుతుంది, 'నాకొక్కదానికేనా, నీకూ తెలిసిందా?' అని. నేను ఆ గోడ కట్టిస్తాను మీకు."

ఆమె పేజీలో పైన ఆ ఒక్క ప్రశ్నే ఉంది, మాసిడోనియన్‌లో, అల్బేనియన్‌లో, టర్కిష్‌లో. 'మీకూ తెలిసిందా?' కింద ఒక పెద్ద మీట; నొక్కి, ఎంత ఊగిందో చెప్పి, ఒక ముక్క రాస్తే పటం మీద మీ చోట ఒక చుక్క పడుతుంది. పాత ఫోన్లలోనూ తెరుచుకుంది. పరీక్ష రోజున దొంగ సందర్శకుల వరదను యంత్రాలతో వదిలితే బొమ్మల కంపెనీ మునిగింది, చవక కంపెనీ కుంటింది, అర్బనోరాది నిలిచింది. స్పాసే భయపడినట్టే ఫిర్యాదు వెళ్లింది. పై కమిటీ కొట్టేసింది.

పని పూర్తయ్యేసరికి, చలికాలపు పచ్చడి కోసం ఊరంతా మిరపకాయలు కాల్చే వాసన వేసే అక్టోబరు వచ్చింది. సరుకు అప్పగించుకునే ఉదయం రాయ్నా, స్పాసే, అర్బనోరా కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్నారు. సంతకం పెట్టాల్సిన బయటి నిపుణుడు స్త్రుమిత్స నుంచి రావాలి. ఆయన సంతకం పడేదాకా సైటును జనానికి తెరవకూడదని నియమం.

కప్పులో కాఫీ ముందు వణికింది. తర్వాత కిటికీలు గలగలమన్నాయి. నేల కింద నుంచి బరువైన రైలు పోతున్నట్టు ఒక హోరు వచ్చింది. ముగ్గురూ బల్ల కింద దూరారు. హోరు ఆగాక, దీపం ఇంకా ఊగుతూండగానే రాయ్నా లేచి పాత సైటు తెరిచింది. తెల్లటి తెర. అప్పటికే కూలబడింది. ఫోన్ కాల్స్ కలవడం లేదు. కింద వీధిలో జనం పిల్లల్ని ఎత్తుకుని నిలబడి తలో మాటా అంటున్నారు. ఇంకా పెద్దది వస్తోందట అని ఎవడో అరిచాడు.

"కొత్తది తెరువమ్మా," అంది రాయ్నా.

"సంతకం!" అన్నాడు స్పాసే బల్ల కింద నుంచే. "తనిఖీవాళ్లు మన తోలు తీస్తారు రాయ్నా."

"నా తోలు తీస్తారు. తెరిచింది నేనేనని రాసిస్తాను. అర్బనోరా, కానీ!"

అర్బనోరా బల్ల కింద నుంచి లేచి, పాత సైటుకు వచ్చేవాళ్లంతా కొత్తదానికి చేరేలా తిప్పింది. దేశపటం ఖాళీగా వెలిగింది.

క్రాతొవో దగ్గర ఒక చుక్క పడింది. ఎవరో మనిషి, ఎక్కడో వంటింట్లోనో పొలంలోనో నిలబడి, అవునని చెప్పాడు. తర్వాత రెండు. ఆపైన చినుకులు వానైనట్టు చుక్కలు కురవసాగాయి. 'అటక మీది సీసాలన్నీ పగిలాయి, మేం బాగున్నాం.' 'గొర్రెలు ముందే లేచి నిలబడ్డాయి.' 'నాకేం తెలియలేదు, మా ఆయన మాత్రం పరుగెత్తాడు.' మూడు భాషల మాటలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. సరిహద్దు గీతను లెక్కచెయ్యకుండా అవతల వ్రాన్యే నుంచి, క్యుస్తెందిల్ నుంచి కూడా చుక్కలు వెలిగాయి. నేలకు పాస్‌పోర్టు లేదు కదా.

పేజీ మాత్రం చెక్కుచెదరలేదు.

స్పాసే బల్ల కింద నుంచి వచ్చి తెర ముందు నిలబడిపోయాడు. ఎక్కువ ఊగినచోట చుక్క ముదురు రంగు, తక్కువైతే లేత. నగరం మీద, వర్దార్ నది పక్కగా, ఇప్పుడు నీళ్లే లేని చోట ఒక ముదురు పట్టీ వంపులు తిరిగి కనిపిస్తోంది.

"అది... అది నది పాత దారి," అన్నాడు, ఆ వంపుల వెంట వేలు జరుపుతూ. "కింద ఒండ్రు. మెత్తటి నేల, ఎక్కువ ఊగుతుంది. కుర్రతనమంతా బోర్లు తవ్వించి ఈ గీత గీశాను నేను. వీళ్లు చూడు, ఇళ్ల ముందు నిలబడి గీసేశారు."

ఎవరికీ తెలియకుండా, ఎవరికి వారు తమకు తెలిసిన ఒక్క ముక్క చెప్తూంటే, భూమి లోపలి బొమ్మ పైకి తేలుతోంది. రాయ్నా తెర దగ్గరికి వంగింది. తాను కొన్నది ఇదా! టెండరులో ఇది ఎక్కడా రాయలేదే. రాయడానికి మాటలు కూడా ఆమె దగ్గర లేవు. అర్బనోరా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను మీటే పెట్టానక్కా," అంది మెల్లగా, "ఇది వస్తుందని నాకూ తెలీదు."

ఆ పట్టీ వెంట ఉన్న పాత ఇళ్లకే సహాయక బృందాలను ముందు పంపారు. పొగగొట్టాలు విరిగాయి, గోడలు బీటలువారాయి; ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు.

తనిఖీవాళ్లు వచ్చారు, నియమం తప్పినందుకు రాయ్నాను మందలించి పోయారు. ఆమె తలొంచుకుని విని, మర్నాడు చలికాలపు టైర్ల టెండరు మొదలుపెట్టింది. సాయంత్రం ఇంటికి నడిచిపోతూ, వర్దార్ ఒడ్డున రోడ్డు మధ్యలో కాసేపు ఆగింది. వెనక సైకిలువాడు గంట కొడుతూనే ఉన్నాడు. కాళ్ల కింద, తారుకు దిగువన, ఎప్పుడో ఇటు పారిన నది పడుకుని ఉంది.