గుమ్మం అవతలి వేలు

దేవకుమారి కౌన్సిలరై మూడేళ్లు దాటింది గానీ, వార్డులో ఎవరినైనా "కౌన్సిలర్ గారిల్లెక్కడండీ" అని అడిగితే ఆమె భర్త ఎజ్రా పేరు చెప్పి మరీ చూపించేవాళ్లు. సీటు ఆడవాళ్లది, పెత్తనం మొగుళ్లది. ఈ ఏర్పాటు ఎవరు చేశారో తెలీదు గానీ, ఆ మున్సిపాలిటీలో అందరికీ కంఠతా వచ్చు. భర్తలు సమావేశం హాల్లోకి రాకూడదని రూలుంది. రూలంటే వాళ్లకి మహా గౌరవం, అందుకే గుమ్మానికి అవతలే నిలబడేవాళ్లు.

ఎజ్రా అక్కణ్ణించే చూపుడువేలు ఎత్తేవాడు. దేవకుమారి ఆమోదమని బల్ల చరిచేది. వేలు లేవకపోతే ఊరుకునేది. ఊరి డబ్బు సైడుకాలవలకో, పార్కులకో అలా ఖర్చయిపోయేది. ఆమెకి అందులో తప్పేం కనిపించలేదు. ఇంటికొచ్చాక ఆయనే టీ పెట్టి, ఆ వేళ దేనికి చరిచిందో విడమరిచి చెప్పేవాడు. నిజం చెప్పాలంటే ఆ టీ కోసమే ఆమె సమావేశాలకి వెళ్లేది.

పోయిన వానాకాలంలో ఎజ్రా గుండె ఆగి చనిపోయాడు. రైలుకట్ట అవతలున్న సమాధుల తోటకి సరైన రోడ్డు లేదు. వానొస్తే పొలాల నీళ్లన్నీ ఆ దారిలోనే. మోకాలి లోతు నీళ్లలో పెట్టె మోస్తుంటే ముందున్న పక్కింటి మత్తయికి కాలు జారి పెట్టె ఒరిగింది. ఆ ఒరగడం దేవకుమారి కళ్లలోంచి పోలేదు. పట్టుబట్టి ఆ రోడ్డుకి డబ్బు కేటాయించేలా చేసింది ఎజ్రాయే. పని మొదలుకాకముందే ఆయనే ఆ దారిన వెళ్లాల్సొచ్చింది.

ఏడాది తిరిగింది, మళ్లీ వానలు పట్టాయి. ఆ డబ్బు కాస్తా ఊరి మొదట్లో కట్టే స్వాగత ద్వారానికి మళ్లించాలని అజెండాలో పదకొండో అంశంగా పెట్టారు. వచ్చేవాళ్లకి స్వాగతం చెప్పాలి గదా, పోయేవాళ్లు ఎలాగో పోతారు! లేచి కాదనాలని దేవకుమారి వంటింట్లో మాటలు కూడదీసుకుంది. "అధ్యక్షా, మావాళ్లని నీళ్లలో మోస్తున్నామండి..." పొయ్యి ముందు గొంతు బాగానే పలికింది.

సమావేశంలో చైర్మన్ రమేష్ బాబు గడియారం చూసుకున్నాడు. "అజెండా అందరూ చదివే ఉంటారు. నేను బాపట్లలో పెళ్లికి పోవాలి. అన్ని అంశాలూ కలిపి ఆమోదమేనా?"

పదకొండు ఎప్పుడంటారా అని కాచుకున్న దేవకుమారి కంగారుపడింది. ఇప్పుడే లేవాలా? అలవాటు కొద్దీ గుమ్మం వైపు చూసింది. అక్కడ పక్క వార్డు కౌన్సిలర్ సీతారావమ్మ భర్త తన భార్యకి వేలెత్తి చూపిస్తున్నాడు.

వేలు కనబడింది. దేవకుమారి చెయ్యి బల్లమీద పడింది.

"ఆమోదం! ఆమోదం!" హాలంతా బల్లల మోత. అరచెయ్యి చురుక్కుమన్నాక గానీ తనేం చేసిందో ఆమెకి తెలియలేదు. గబుక్కున లేచి నిలబడింది.

"ఆ రోడ్డు సంగతి మాట్లాడాలండి."

"అయిపోయిందమ్మా," అన్నాడు రమేష్ బాబు నొచ్చుకుంటూనే. "మీరూ చరిచారు, నేను చూశాను. ఎజ్రా గారుంటే ముందే ఓ మాట చెప్పేవారు. టిఫిన్ తినండి."

బయట ఆడవాళ్లు ఒక్కొక్కరే భర్తల బళ్లెక్కి వెళ్లిపోయారు. దేవకుమారికి ఇంటికి పోబుద్ధి కాలేదు. అక్కడ టీ పెట్టేవాళ్లు లేరు. నడుచుకుంటూ రైలుకట్ట దాటి, నీళ్లు మొదలయ్యే చోట ఆగింది. అవతల ఎజ్రా సమాధి మీది సిలువ కనిపిస్తోంది. చెప్పులు విడిచి దిగబోయి, భయమేసి వెనక్కొచ్చింది. జారితే పట్టుకునే మనిషి ఎవరున్నారు?

అక్కడే నిలబడి "అధ్యక్షా" అని మొదలుపెట్టింది. రేపల్లె రైలు కూతేస్తూ వస్తే, అది పోయేదాకా ఆగి మళ్లీ అందుకుంది. ఒక్క మాట తడబడకుండా అంతా చెప్పింది. చివరికొచ్చేసరికి ఆమె కళ్లు సిలువ వైపు పోయాయి, ఆయన వేలెత్తుతాడేమోనన్నట్టు.

"మీ వేలే నన్ను ముంచిందండీ," అంది. "వచ్చే నెల మళ్లీ అడుగుతాను. ఈసారి గుమ్మం వైపు చూడను."

ఆ మాట అనేసరికి ఆయన్ని రెండోసారి మట్టిచేసినట్టయి, గట్టుమీద కూలబడి ఏడ్చింది.