తల్లి మొక్క వేరు

అద్దాల షెడ్డు తలుపు తీసీ తియ్యగానే సీసాలమ్మకు విషయం అర్థమైపోయింది. నిన్నటిదాకా ట్రేలో నిటారుగా నిలబడ్డ ఆర్కిడ్ పిల్లలు మొదళ్ళ దగ్గర నీరుకారి, ఒకదాని మీద ఒకటి వాలిపోయి ఉన్నాయి. ఒకదాన్ని వేలితో ముట్టుకుంటే ఆకు ఊడి చేతికొచ్చింది. ఆమె ట్రే పక్కనే తడి నేల మీద కూలబడింది. మొదటిసారి ఇలా జరిగినప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. ఇప్పుడు ఏడుపు కూడా రావడం మానేసింది.

వృక్షశాస్త్ర తోటలో ల్యాబ్ నడిపే ఆమెకు ఆ పేరు తోటమాలులు పెట్టారు, పొద్దస్తమానం గాజు సీసాలతోనే కాపురం కనుక. ఆర్కిడ్ విత్తనం పిండి కన్నా మెత్తన. మొలక తినడానికి అందులో ఏమీ ఉండదు. అందుకని సీసాలో చక్కెర, లవణాలు కలిపిన జెల్లీ పోసి, ఆవిరిలో ఉడికించి, ఒక్క క్రిమి కూడా మిగలకుండా చేసి, అప్పుడు విత్తనాలు చల్లాలి. సీసాలో ఉన్నన్నాళ్ళూ పిల్లలు మహారాణుల్లా పెరిగేవి. బయటికి తీసి బెరడు ముక్కల్లో నాటిన పాపానికి నెల తిరక్కుండా పోయేవి.

వేరే మొక్కలైతే పోనీలే అని సరిపెట్టుకునేది. వీటికి ముందూ వెనకా ఎవరూ లేరు. ఈ జాతి ఒకే ఒక్క కొండ చరియ మీద బతికేది. రాయి కోసం ఆ కొండను పేల్చేశారు. పేల్చడానికి ముందు ఆమె మేనత్త నడుముకు తాడు కట్టుకుని చరియ దిగి, చేతికందిన ఒక్క మొక్కను తెచ్చింది. మేనత్త ఆ తోటలోనే మొక్కల సేకరణ చూసి రిటైరైన మనిషి. తల్లి పోయాక సీసాలమ్మను పెంచి పెద్దచేసింది కూడా ఆవిడే. తెచ్చిన మొక్క ఒక్కసారి పూసి, ఒక్క కాయ కాసింది. సీసాల్లో ఉన్నవన్నీ ఆ కాయలోని విత్తనాల పిల్లలే.

ఇప్పుడు ఆ తల్లి మొక్కా మంచం పట్టింది. వేసవిలో షెడ్డు ఫ్యాన్లు ఆగిపోయి, వేడికి దాని కాండం కుళ్ళింది. కుళ్ళిన మేర కోసి మందు పూశారు. అయినా ఆకులు ఒక్కొక్కటే రాలి, చివరికి ఒక ఆకూ, దాని కింద రెండు పచ్చని వేర్లూ మిగిలాయి. మేనత్త రోజూ వచ్చి దాని ఎదురుగా కూర్చునేది.

"పొమ్మన్నా పోదే ఇది," అంది ఒకసారి మేనకోడలితో. "నాలాగే మొండి ఘటం."

చచ్చిన పిల్లల్ని తడి కాగితంలో చుట్టుకుని సీసాలమ్మ వ్యవసాయ కళాశాలకు వెళ్ళింది. అక్కడ సూక్ష్మజీవుల పాఠాలు చెప్పే ఆయన్ని విద్యార్థులు బూజు మాస్టారు అంటారు. ఆ పేరంటే ఆయనకీ ఇష్టమే. ఆయన ఇంకా కొంచెం పచ్చగా ఉన్న వేరొకటి ఏరి, పల్చగా కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత లేచి ఆమెను కూర్చోబెట్టాడు. ఏం కనబడుతోందని అడిగితే, ఏమీ లేదు, శుభ్రంగా ఉంది అందామె.

"అదేనమ్మా జబ్బు," అన్నాడాయన.

అడవిలో పెరిగిన ఆర్కిడ్ వేరు లోపల బ్యాక్టీరియా కాపురముంటుందని ఆయన వివరంగా చెప్పాడు. మొక్క వాటికి చోటూ తిండీ ఇస్తుంది. వాటిలో మంచివి వేరు సాగడానికి కావలసిన మందు తయారుచేసి ఇస్తాయి, కుళ్ళు క్రిముల్ని లోపలికి రానివ్వవు. సీసాలో పుట్టిన పిల్లలకు ఆ తోడు లేదు. అన్ని క్రిముల్నీ చంపి పెంచారు కదా, బయటి గాలి తగిలేసరికి తట్టుకోలేకపోయాయి అన్నాడు.

సీసాలమ్మ ఇన్నేళ్ళుగా ఏ సీసాలో చిన్న తెల్లమచ్చ కనబడినా, క్రిమి చేరిందని కాలుతున్న పెనం ముట్టుకున్నట్టు అదిరిపడి పారేసేది.

షెడ్డులో ఉన్న వేరే జాతి ఆర్కిడ్ వేరు నుంచి బ్యాక్టీరియా తీసి ముందు దానితో చూద్దామన్నాడు మాస్టారు. చూశారు. ఆ పిల్లలు ఇంకా తొందరగా కుళ్ళాయి. ఒక అరలోని సీసాలు తప్ప ల్యాబ్‌లో ఇంకేమీ మిగల్లేదు.

వేరే జాతి క్రిములు వీటికి పడవు, ఇక తల్లి మొక్క వేరునే వాడాలి. అదీ బతికున్న వేరు. చచ్చాక కోస్తే అందులో కుళ్ళు క్రిములే ఉంటాయి.

ఆ సాయంత్రం అన్నం దగ్గర ఆమె మేనత్తకు అంతా విడమరిచి చెప్పింది. మేనత్త విని, వేర్లలో ఒకటి కోస్తే మొక్క తట్టుకుంటుందా అని మాత్రం అడిగింది. తట్టుకోకపోవచ్చంది సీసాలమ్మ.

"అయితే వద్దు."

"అత్తా, కొయ్యకపోయినా అది ఎన్నాళ్ళో ఉండదు. నీకూ తెలుసు."

మేనత్త కంచం పక్కకు జరిపింది. "కొండ పేల్చినవాళ్ళూ నాతో ఇదే మాటన్నారు. ఎటూ పోయే మొక్కలే కదమ్మా అన్నారు. నువ్వు కూడా అనకు."

సీసాలమ్మ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. అయితే వారం తిరిగేలోపు రెండు వేర్లలో ఒకటి కొస నుంచి గోధుమరంగుకు తిరగడం మొదలుపెట్టింది. ఆమె రోజూ పొద్దున్నే వచ్చి చూసేది, ఆ రంగు కొంచెం కొంచెం పైకి పాకుతూనే ఉండేది. పచ్చగా ఉన్నది ఇక ఒక్కటే. కోస్తే తల్లి పోతుంది, ఆగితే తల్లీ పిల్లలూ అందరూ పోతారు. ఇంకోసారి అడిగితే మేనత్త ఇంకోసారి వద్దంటుంది. రెండోసారి కూడా వద్దన్నాక కొయ్యడానికి తన చేయి లేవదు, అందుకే అడగలేదు.

మేనత్త కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన పూట ఆమె బ్లేడు మంటలో కాల్చి, పచ్చని వేరు కోసేసింది. వేరు మెత్తగా, ఏ చప్పుడూ లేకుండా తెగింది. దాన్ని తడి గుడ్డలో చుట్టి కళాశాలకు పరుగెత్తింది. మాస్టారు వేరు పైభాగాన్ని ఆల్కహాల్‌లో, తర్వాత బ్లీచింగ్ నీళ్ళలో ముంచి, ఉడికించి చల్లార్చిన నీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడిగాడు. పైన అంటుకున్నవి చస్తే, ఇక పెరిగేవి లోపలివే అవుతాయి. పైన ఏవీ మిగల్లేదని చూసుకోవడానికి చివరిగా కడిగిన నీళ్ళు ఒక జెల్లీ ప్లేటులో, నూరిన వేరు మిగతా ప్లేట్లలో వేసి మూతలు పెట్టారు.

ఆమె తిరిగొచ్చేసరికి మేనత్త మొక్క ముందు కూర్చుని ఉంది. తెగిన చోటును చూస్తోంది. సీసాలమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది.

"బ్లేడు కాల్చావా?" అంది మేనత్త, తల తిప్పకుండా.

"కాల్చానత్తా."

మేనత్త సంచీ భుజానికి తగిలించుకుని, ఆమె పక్కనుంచే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరికీ మాటల్లేవు. మేనత్త వంట చేసి, మేనకోడలి వాటా మూతపెట్టి, తన గదిలోకి పోయి తినేది. తిట్టినా బాగుండేదనిపించేది సీసాలమ్మకు. తల్లి మొక్క చివరి ఆకు పసుపెక్కి రాలిపోయింది. ఆ రోజు మాత్రం మేనత్త తోటకొచ్చి, కుండీని తన చేతులతోనే ఖాళీ చేసి, కడిగి బోర్లించి వెళ్ళింది.

కడిగిన నీళ్ళ ప్లేటులో ఏమీ మొలవలేదు. మిగతా ప్లేట్లలో మూడు రకాల బ్యాక్టీరియా చుక్కలు లేచాయి. జిగటగా పసుపురంగువి, నున్నగా తెల్లనివి, ముడతలు పడ్డ పాలరంగువి. ఏది మేలు చేస్తుందో, ఏది చంపుతుందో మాస్టారికీ తెలియదు. ఉన్న పిల్లల్నే మూడు వాటాలు చేసి, ఒక్కో రకంలో ముంచి నాటి చూడాలి. పసుపురంగు దానిలో ముంచినవి కుళ్ళిపోయాయి. తెల్లని దానితో మంచీ లేదు, చెడూ లేదు, అలాగే నీరసించి పోయాయి. తల్లినీ చంపి, పిల్లల్నీ చంపి, ఆఖరికి తాను సాధించింది ఇదా అనుకుంది ఆమె. రాజీనామా రాసేద్దామని కూర్చుని, అది కూడా రాయలేక లేచింది.

ముడతల రకంతో నాటిన ట్రే దగ్గరికి వెళ్ళడానికి ఆమెకు భయమేసేది. వాటిలోనూ సగం పోయాయి. మిగిలినవి పోతాయిలే అని ఎదురుచూసింది. పోలేదు. ఒక పిల్లను మెల్లగా పైకి లేపి చూస్తే, మొదట్లోంచి తెల్లని కొత్త వేరు బెరడు ముక్కను కరిచి పట్టుకుని ఉంది. దాని కొన లేత పచ్చగా ఉంది. పక్కదాన్నీ లేపింది. దానికీ ఉంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకుంది.

ఇంటికెళ్ళి, మూసిన గది తలుపు ముందు నిలబడి చెప్పింది. మర్నాడు మేనత్త షెడ్డుకొచ్చింది. భూతద్దం పెట్టి ఒక్కో పిల్లనూ చూసింది, పోయినవాటినీ చూసింది.

"నేను తెచ్చింది బతికుంటే బాగుండేది," అంది. "నీ మీద కోపం పోయిందనుకోకు. పోలేదు."

"అనుకోవడం లేదత్తా."

"ఇవన్నీ ఇక్కడే పెట్టుకుని కూర్చోకు. మళ్ళీ ఫ్యాన్లు ఆగితే? సగం వేరే తోటలకి పంపించెయ్. ఆ క్రిముల్ని కూడా వాటితోపాటే పంపాలి. అవి లేకుండా ఒక్క మొక్క కదలనివ్వను."

పిల్లలు ఇంకా గోరంత ఉన్నాయి. పూత పట్టడానికి ఏళ్ళు పడుతుంది. ఆ పూలు చూడటానికి మేనత్త ఉంటుందో ఉండదో. ప్రయాణంలో ఎన్ని తట్టుకుంటాయో మాస్టారు కూడా చెప్పలేనన్నాడు. సీసాలమ్మ గాజు గొట్టాల్లోకి పాలరంగు బ్యాక్టీరియాను ఎక్కించి మూతలు బిగిస్తూ కూర్చుంది. ఎదురుగా మేనత్త ఒక్కో పిల్ల వేర్ల చుట్టూ తడి నాచు చుడుతోంది.