బదులు రాని పరాచికం

సోఫాలు బాగుచేసే ఆ కొట్లో బావా బావమరుదులు ఇద్దరే పనివాళ్లు. చెక్క పని, మేకులు కొట్టే పని బావది. గుడ్డ కత్తిరించడం, మిషను కుట్టడం బావమరిదిది. పాత సోఫా గుడ్డ ఊడబెరికినప్పుడు లేచే దుమ్ము కన్నా వాళ్ల నోళ్లు లేపే దుమారమే ఎక్కువ. బావ ఒకటంటే బావమరిది రెండు అప్పజెప్పేవాడు. ఆ తగువు వినడానికే కొందరు బేరగాళ్లు పనయ్యాక కూడా కదిలేవారు కాదు. బావమరిదిని రేడియో అనేవారు.

అలాంటి రేడియో ఉన్నట్టుండి బదులు చెప్పడం తగ్గించాడు. పోనుపోను మానేశాడు.

బావ దాన్ని గెలుపనుకున్నాడు. ఇన్నేళ్లకు వీడి నోటికి తాళం వేశానని మురిసిపోయాడు. బావమరిదిని ఏడిపించడం బావకు పుట్టుహక్కు. అవతలివాడు ఓడిపోయాడా, అసలు ఆడటమే మానేశాడా అని చూసే ఓపిక హక్కున్నవాడికి ఎందుకుంటుంది? బావమరిది మధ్యాహ్నం క్యారియరు మూతైనా తీయడం లేదు. వేసిన కుట్టే విప్పి మళ్లీ వేస్తున్నాడు. తమ ఇంట్లోనే ఉండే తమ్ముడు తెల్లారకముందే లేచి గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడని, పనివేళకు మాత్రం మంచం దిగలేకపోతున్నాడని భార్య చెబుతూనే ఉంది.

“బద్ధకమే అది. ఓ పిల్లను చూసి ముడిపెడితే దెబ్బకి దిగుతుంది.”

“మీకన్నీ వేళాకోళాలే,” అందామె.

ఒకరోజు పొద్దున తమ్ముడు నీళ్లు తాగి గ్లాసు కింద పెడుతూ, మామూలు మాట చెప్పినట్టే, “నేను లేకపోతే మీకు తేలికవుతుంది కదక్కా,” అన్నాడు. ఆమె పొయ్యి ఆపేసి, కట్టుకున్న చీరతోనే వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఇది సోమరితనం కాదు, డిప్రెషన్ అనే జబ్బు, మందులతో పాటు మాటల వైద్యం కూడా కావాలి అన్నాడు డాక్టరు. వారం వారం కౌన్సెలింగ్ చేసే ఆవిడ దగ్గరికి వెళ్లి మాట్లాడి రమ్మన్నాడు.

వెళ్లొస్తున్నాడు. రెండు ముద్దలు ఎక్కువ తింటున్నాడు. మిషను దగ్గర కాస్త నిటారుగా కూర్చుంటున్నాడు. అది చూసి బావకు పాత సరదా పుట్టుకొచ్చింది. కొట్టు నిండా జనం ఉన్నప్పుడు అందుకున్నాడు.

“మా రేడియో రిపేరుకెళ్తోందండోయ్. పిచ్చి డాక్టరమ్మ వారానికోసారి చెవి మెలిపెట్టి స్టేషను మారుస్తోంది.”

అందరూ నవ్వారు. బావమరిది కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి బావకు ప్రాణం లేచొచ్చింది.

ఆ వారం వాడు కౌన్సెలింగ్‌కి వెళ్లలేదు. తర్వాతి వారమూ అంతే. మందులు డబ్బాలోనే ఉండిపోయాయి. పనికి రావడం కూడా మానేసి మంచానికి అతుక్కుపోయాడు.

“ఎందుకు మానేశావురా అంటే ఏమన్నాడో తెలుసా?” భార్య మొగుడి ముందు నిలబడి అడిగింది. “బావ అన్నది నిజమే కదక్కా, పిచ్చోణ్ణే కదా అన్నాడు. వాడికేమన్నా అయితే మీ మొహం నేను చూడను.”

ఎప్పుడూ మాటకు తడుముకోని మనిషి లోపలికెళ్లి వాడి మంచం అంచున కూర్చున్నాడు.

“లేవరా. నేనూ వస్తా.”

“కొట్టో?”

“కొట్టెక్కడికి పోతుంది? చొక్కా వేసుకో.”

కౌన్సెలింగ్ గదిలో మూడు కుర్చీలు, ఓ కిటికీ. వాడితో చాలాసేపు మాట్లాడాక, వాడు సరేనంటేనే, ఆవిడ బావను లోపలికి పిలిచింది.

“ఈయనలో మార్పు మీరు మొదట ఎప్పుడు గమనించారు?”

“గుర్తుందమ్మా. నేనేదో అన్నాను, వీడు తిరిగి ఏమీ అనలేదు. ఆ రోజు అందరికీ టీలు తెప్పించాను. గెలిచానని.”

ఆవిడ తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. మాట, తిండి, నిద్ర ఇలా ఒకదాని వెనక ఒకటి పోతుంటే మొదట కనబడేది పక్కనున్న వాళ్లకేనని, ఇప్పుడైనా వెంట రావడం మంచిదైందని అంది.

తర్వాత ప్రతివారం బావే తీసుకెళ్లాడు. బయట బల్ల మీద నోరు మూసుకుని కూర్చునేవాడు. వాడు మెల్లగా తేరుకున్నాడు. మళ్లీ నిద్ర పట్టింది. పనిలో చెయ్యి కుదిరింది. ఇక అంతా మునుపటిలా అయిపోతుందని బావ లోలోపల రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఓ సాయంత్రం షట్టరు దించబోతుంటే బావమరిది ఆపాడు.

“బావా, కార్ల సీట్లు కుట్టే కొట్లో చేరుతున్నా.”

“ఏంరా? నేనిప్పుడు ఏమీ అనడం లేదుగా?”

“అనడం లేదు. అంటావేమోనని నేనే కాచుకుని ఉంటున్నా. నువ్వు దగ్గినా మిషను ఆపేసి నీవైపే చూస్తున్నా. నీమీద కోపం లేదు బావా. ఈ మాట నీ మొహం మీద చెప్పడానికే కౌన్సెలింగ్‌లో ఇన్నాళ్లు కూర్చున్నాననుకో.”

వాణ్ణి ఆ గది దాకా వారం వారం నడిపించుకుపోయింది తనే. బావ నాలుక చివర ఏదో హాస్యం సిద్ధంగానే ఉంది. దాన్ని మింగేశాడు.

“అక్కకు చెప్పావా?”

“అక్కకు ముందే తెలుసు.”

కొన్నాళ్లకు పాత బేరగాడొకడు కుర్చీ మోసుకొచ్చి, ఖాళీ మిషను వంక చూశాడు.

“మీ రేడియో ఏడండీ?”

“వేరే చోట చేస్తున్నాడు. బాగున్నాడు.”

“అయ్యో, మీరిద్దరూ మొదలెడితే ఎంత కాలక్షేపంగా ఉండేదో.”

బావ గుడ్డ ముక్కల కట్ట తీసి అతని ముందు పెట్టాడు.

“రంగు చూసుకోండి,” అన్నాడు.